ముందు కాస్త బిగించు

చేపల లారీ షెడ్డులోకి వచ్చి ఆగితే నేను ముందు ఇంజను దగ్గరికి వెళ్లను. గోనెపట్టా పరుచుకుని వెనక ఇరుసు కిందికి దూరతాను. డ్రైవరు చెప్పే జబ్బు ఏదైనా కావచ్చు. గేరు పడట్లేదంటాడు, పొగ వస్తోందంటాడు, బ్రేకు ఒక పక్కకి లాగుతోందంటాడు. అవన్నీ తర్వాత. ఏ నట్టు విప్పాల్సి వస్తుందో, అది ఏ స్థితిలో ఉందో ముందు చూడాలి. పని ఎన్ని గంటలు పడుతుందో చెప్పేది ఆ నట్టే.

మా షెడ్డు ఆకివీడు దగ్గర, భీమవరం వెళ్లే రోడ్డు పక్కన. ఇక్కడికి వచ్చే బళ్లలో ఎక్కువ చేపలవే. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన శీలావతి, బొచ్చె ప్లాస్టిక్ ట్రేల్లో ఐసు మధ్య సర్దుకుని హౌరా దాకా, గువాహటి దాకా వెళ్తాయి. దారి పొడుగునా ఐసు కరుగుతూనే ఉంటుంది. కారేది ఉత్త నీళ్లు కాదు, చేప జిగురూ నెత్తురూ కలిసిన నీళ్లు. ఉప్పునీటి చెరువుల నుంచి వచ్చే రొయ్యల బళ్లైతే మరీను. ఆ నీరు బాడీ సందుల్లోంచి ఛాసిస్ మీదికి, అక్కణ్ణించి కమాను కట్టల మీదికి, యూ బోల్టుల మీదికి, బ్రేకు డ్రమ్ముల మీదికి దిగుతుంది. రెండేళ్ల బండి కింద పడుకుని చూస్తే పదేళ్ల బండిలా కనిపిస్తుంది.

బండి బాగుచేయడమంటే పాడైన సామాను మార్చి కొత్తది వెయ్యడం అనుకుంటారు చూసేవాళ్లు. వెయ్యడం గంట పని. తియ్యడానికే ఒక పూట పడుతుంది. ముప్పై ఏడెనిమిదేళ్లుగా నేను చేసిన పనిలో సగం పైగా తియ్యడమే.

నేను పనిలో చేరింది 1987లో, పదిహేనో ఏట, భీమవరంలో ఒక మేస్త్రీగారి దగ్గర. మొదటి ఆరు నెలలు సామాను కడగడం, పానాలు అందించడం. ఆ తర్వాత ఒకరోజు జీపు బంపరు బోల్టు చూపించి విప్పమన్నారు. పానా తగిలించి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఎడమకి లాగాను. కదల్లేదు. ఇంకోసారి లాగబోతుంటే నా చేతి మీద చెయ్యి వేసి ఆపారు. "ఒరేయ్, ముందు కాస్త బిగించు" అన్నారు. విప్పమని చెప్పి బిగించమంటారేంటని ఆయన మొహంలోకి చూశాను. పానా తీసుకుని కుడివైపుకి చిన్నగా ఒత్తారు. టక్ మని సన్నటి చప్పుడు. అప్పుడు ఎడమకి తిప్పితే వచ్చేసింది.

ఆ చప్పుడు ఏమిటో అర్థం కావడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. ఇనుము తుప్పు పట్టినప్పుడు ఉన్నచోటే సన్నగా అరిగిపోదు. గాలీ నీరూ కలుపుకుని ఉబ్బుతుంది. తుప్పు అది తిన్న ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మూతి సన్నం సీసాలో నిండా శనగలు పోసి, నీళ్లు పోసి, బిరడా బిగిస్తే పొద్దుటికి సీసా ఏమవుతుందో తెలుసు కదా. నట్టు మరకీ బోల్టు మరకీ మధ్య ఉండేది వెంట్రుకవాసి సందు. ఆ సందులో ఉబ్బిన తుప్పు రెంటినీ రెండు వైపులా నెట్టి పట్టుకుంటుంది. ఉప్పునీరు తగిలితే ఆ పని ఇంకా తొందరగా జరుగుతుంది. ఇంతా చేసి తుప్పుకి బిగువే తప్ప గట్టితనం లేదు, పెళుసుది. ఒకసారి పగిలిందంటే దాని పట్టు పోయినట్టే. అది ఏ వైపు తిప్పినా పగులుతుంది. విప్పే వైపు లాగితే ఇన్నేళ్ల బిగింపుతోనూ తుప్పుతోనూ ఒకేసారి కుస్తీ పట్టాలి. బిగించే వైపు చిన్నగా ఒత్తితే ముందు తుప్పు పొర పగులుతుంది, తర్వాత బిగింపు ఒక్కటే మిగులుతుంది. మేస్త్రీగారు ఐదో తరగతితో చదువు మానేసిన మనిషి. ఇదంతా ఆయన మాటల్లో చెప్పలేదు. చేతికి చెప్పారు.

ఇప్పుడు నా దగ్గర ఐటీఐ చదివిన కుర్రాడు ఒకడున్నాడు. తెలివైనవాడు, బాగా చదువుకున్నాడు. వాడికి నేను మొదట ఇచ్చింది పానా కాదు, తీగ బ్రష్షు. నట్టు దాటి బయటికి పొడుచుకొచ్చిన బోల్టు మరని తళతళలాడేదాకా రుద్దమన్నాను. చాలామంది మర్చిపోయేది ఇదే. నట్టు విడిస్తే సరిపోదు, బయటికి నడిచి రావాలి. దాని దారిలో తుప్పూ మట్టీ పాత రంగూ పేరుకుని ఉంటే, లోపల సుఖంగా విడిచిన నట్టు సగం దూరం వచ్చి మళ్లీ పట్టేస్తుంది. అక్కడ పట్టేసిందంటే మొదటి కంటే మొండిగా ఉంటుంది.

రుద్దాక నూనె. రేషన్ కిరసనాయిలు దొరికే రోజుల్లో మేస్త్రీగారి దగ్గర ఒక సీసా ఉండేది. కిరసనాయిల్లో కాస్త ఇంజనాయిలు కలిపి పెట్టేవారు. కిరసనాయిలు పల్చన కాబట్టి సందులోకి పాకుతుంది, ఇంజనాయిలు జిడ్డు కాబట్టి మర జారడానికి పనికొస్తుంది. ఇప్పుడు డబ్బాల్లో స్ప్రేలు వచ్చాయి. అందరికీ తెలిసిన డబ్ల్యూడీ-40 తుప్పు నట్లు విప్పడం కోసం పుట్టింది కాదు. 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో, లోహం మీద నీటి తడి నిలవకుండా చేసే మందు కోసం వెతుకుతూ నలభయ్యో ప్రయత్నంలో సాధించారట, అందుకే ఆ పేరు. తర్వాత దాన్ని అట్లాస్ క్షిపణి పైతొడుగుకి తుప్పు పట్టకుండా వాడారు. తడిని తరమడంలో దానికి సాటి లేదు. గట్టిగా పట్టేసిన లారీ నట్టుకి మాత్రం తుప్పులోకి పాకడానికే ప్రత్యేకంగా చేసిన నూనెలు ఇంకా బాగా పనిచేస్తాయని నా అనుభవం.

ఏ నూనె అన్నదాని కంటే ఎంతసేపు అన్నది ముఖ్యం. పోసి వెంటనే పానా పెడితే నూనె వృథా. పోసి, బోల్టు తల మీద సుత్తితో నాలుగు దెబ్బలు తట్టి, మళ్లీ పోసి, వదిలెయ్యాలి. తట్టడమంటే పగలగొట్టడం కాదు. గుడిగంటని ముట్టుకున్నట్టు తట్టాలి. ఆ అదురుకి తుప్పులో సన్నటి బీటలు పడతాయి, నూనె ఆ బీటల వెంట దిగుతుంది. సాయంత్రం షెడ్డు మూసేముందు ఒకసారి, పొద్దున్న తెరవగానే ఒకసారి. బండి యజమానులకి ఇది రుచించదు. మేం ఊరికే కూర్చున్నామనుకుంటారు. నూనె పోసిన నట్టు మీద రాత్రంతా పని జరుగుతూనే ఉంటుందని వాళ్లకి చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది.

బ్రేకుల దగ్గర మాత్రం నూనె చేతికి ఇవ్వను. లైనింగు మీద ఒక్క చుక్క పడినా ఆ చక్రం బ్రేకు పట్టదు. రబ్బరు సీళ్లకి కూడా కిరసనాయిలు, డీజిలు విషం. అక్కడ తీగ బ్రష్షూ సుత్తీ ఓపికే మందు.

పానా సరిగ్గా కూర్చోవడం గురించి ఒక మాట. 12-13 పానా, 14-15 పానా అని కొత్తగా వచ్చిన కుర్రాళ్లు గడగడా చెప్పేస్తారు. కానీ పాత బళ్లలో అంగుళాల కొలతల నట్లు ఉండేవి. మా మేస్త్రీగారు నూళ్లలో చెప్పేవారు. అంగుళానికి ఎనిమిది నూళ్లు. నాలుగు నూళ్ల బోల్టు అంటే అర అంగుళం. ఆ నట్టుకి మిల్లీమీటర్ల పానా తగిలిస్తే కూర్చున్నట్టే ఉంటుంది, లాగితే మూలలు కొట్టుకుపోతాయి. ఆరు మూలలు పోయి గుండ్రంగా మిగిలిన నట్టు కంటే పెద్ద శత్రువు మాకు లేదు. అందుకే పట్టేసిన నట్టుకి నేను నోరు తెరిచిన పానా పెట్టను. అది రెండు పక్కలే పట్టుకుంటుంది. రింగు పానా గానీ, ఆరు పలకల సాకెట్టు గానీ పెట్టాలి. పెట్టేముందు నట్టు చుట్టూ పొర కట్టిన తుప్పుని ఉలితో గోకెయ్యాలి. పానా అడుగుదాకా దిగాలి. దిగిన చప్పుడు వినిపిస్తుంది.

ఇంకో సంగతి. బండి కింద వెల్లకిలా పడుకున్నప్పుడు ఎడమ ఏది కుడి ఏది అన్నది తారుమారవుతుంది. అనుభవం ఉన్నవాళ్లు కూడా బిగించే వైపే బలమంతా పెట్టి లాగుతుంటారు. నేను ఇప్పటికీ మనసులో నట్టు ఎదురుగా మొహం పెట్టి, సీసా మూత తీస్తున్నట్టు ఊహించుకుని గానీ చెయ్యి వెయ్యను. ఎడమ మర నట్లు ఉండనే ఉన్నాయి. సైకిలు ఎడమ పెడలుకి ఎడమ మర ఉంటుందని చాలామందికి తెలియదు. కొన్ని పాత లారీలకి ఎడమవైపు చక్రాల నట్లు కూడా అలాగే ఉండేవి. మర ఏ వైపు వాలి ఉందో కళ్లతో చూశాకే పానా పెట్టాలి.

ఇక అసలు విషయం. పానా లాగుతున్నప్పుడు చేతికి మూడు రకాల కబుర్లు వస్తాయి. మొదటిది, రాయి. ఎంత లాగినా ఏమీ కదలదు, పానా గోడకి కొట్టినట్టు ఆగిపోతుంది. ఇది భయపడాల్సింది కాదు. నూనె పోసి, తట్టి, మళ్లీ రావచ్చు. రెండోది, టక్ మని విడవడం. ఆ చప్పుడు చెవికి వినిపించేలోపే మణికట్టుకి తెలుస్తుంది. మూడోది, సాగడం. పానా కదులుతుంది, కానీ చప్పుడు లేదు. ముడి పడిన రబ్బరుని మెలితిప్పుతున్నట్టు మెత్తగా వస్తూనే ఉంటుంది. కొత్తవాడు సంబరపడతాడు, వచ్చేస్తోందని. వస్తున్నది నట్టు కాదు. బోల్టు మెడ మెలిపడుతోంది. ఇంకో పావు తిప్పు తిప్పితే తెగుతుంది.

బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో అంకెలు చెక్కి ఉంటాయి. 8.8లో మొదటి 8 అంటే, చదరపు మిల్లీమీటరుకి 800 న్యూటన్ల లాగుడు వరకూ తెగకుండా తట్టుకుంటుందని. చుక్క తర్వాతి 8 అంటే, అందులో 80 శాతం దాకా లాగినా, వదిలేస్తే తన పొడుగుకి తాను వెనక్కి వస్తుందని. అది దాటితే ఇక రాదు. ఆ హద్దు దాటుతున్న క్షణమే చేతికి రబ్బరులా తగిలేది. అప్పుడు ఆగడం తెలిసినవాడే మెకానిక్కని నేను నమ్ముతాను. ఆగి, కుడివైపుకి వెనక్కి తిప్పి, నూనె పోసి, అర తిప్పు ముందుకి, పావు తిప్పు వెనక్కి, ఇలా ఉయ్యాల ఊపినట్టు ఊపాలి. కీచుమంటే మళ్లీ నూనె.

పానా చివర ఇనుప గొట్టం తొడిగి దాని మీద నిలబడేవాళ్లని చూస్తే నాకు గుండె దడ. 60 కిలోల మనిషి మీటరు గొట్టం చివర నిలబడితే నట్టు మీద దగ్గర దగ్గర 600 న్యూటన్ మీటర్ల మెలి పడుతుంది. లారీ చక్రం నట్టుకి అది ఫరవాలేదు. పన్నెండు మిల్లీమీటర్ల బోల్టుకి చావే. గాలి గన్ను కూడా అంతే. దాని దెబ్బలకి తుప్పు బాగా అదురుతుంది, చక్రాల దగ్గర నేనూ వాడతాను. కానీ గన్ను చేతికి కబురు చెప్పదు. టక్ మని విడిచిందో, మెడ మెలిపడిందో తేడా తెలిసేసరికి అయిపోతుంది.

ఇదంతా తెలిసి పుట్టలేదు. పదిహేడో ఏట నేను చేసిన తప్పు ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరించేలా గుర్తుంది. పెళ్లివారి వ్యాను అది, మర్నాడు తెల్లారి బయల్దేరాలి. సైలెన్సరు గొట్టం ఇంజనుకి కలిసే చోట మానిఫోల్డు గాస్కెట్టు పోయింది, భటభటమని చప్పుడు. మేస్త్రీగారు భోజనానికి వెళ్లారు. ఆయన వచ్చేలోపు విప్పేసి మెప్పించాలనుకున్నాను. అక్కడి స్టడ్లు రోజూ ఎర్రగా కాలి, చల్లారి, మళ్లీ కాలి, నల్లటి పెళ్లలు కట్టి ఉంటాయి. నాలుగు వచ్చాయి. ఐదోది మెత్తగా వచ్చింది. చప్పుడు లేకుండా వచ్చింది. స్టడ్డు సిలిండరు హెడ్డుకి సమానంగా తెగి నా చేతిలోకి వచ్చింది.

అక్కడితో ఆగినా బాగుండేది. తెగిన స్టడ్డుకి నడిమధ్య బెజ్జం వేసి, ఈజీ అవుట్ అనే ఎడమ మర పిన్ను దించి తిప్పితే వస్తుందని ఎక్కడో చూశాను. బెజ్జం కాస్త పక్కకి పోయింది. పిన్ను దించి తిప్పాను, అది కూడా లోపలే విరిగింది. ఆ పిన్ను ఇనుము చాలా గట్టిది. మామూలు డ్రిల్లు దాన్ని కొరకదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే.

మేస్త్రీగారు వచ్చి చూశారు. తిట్టలేదు, కొట్టలేదు. ఇంజను మీదనుంచి హెడ్డు దింపించి, రిక్షాలో పెట్టించి, లేతు షాపుకి నన్నే పంపించారు. "పని అయ్యేదాకా అక్కడే నిలబడి చూడు" అన్నారు. లేతు మేస్త్రి ఆ విరిగిన పిన్నుని సన్నటి పంచితో ముక్కలు ముక్కలుగా కొట్టి, ఒక్కో ముక్కా చిమ్మటాతో తీశాడు. రాత్రి పదకొండయింది. పెళ్లివారు వేరే బండి మాట్లాడుకున్నారు. ఆ బాడుగ మేస్త్రీగారు తన జేబులోంచి ఇచ్చారు. నా జీతంలో పట్టుకోలేదు. పట్టుకుని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

తెగిన స్టడ్డుకి ఇప్పుడు నేను చేసే పని వేరు. దాని మీద నట్టు ఒకటి పెట్టి, నట్టు బొక్కలోంచి వెల్డింగు పోస్తాను. నట్టు అతుకుతుంది, పట్టుకోవడానికి పిడి దొరుకుతుంది, పైగా ఆ వేడికి స్టడ్డు లోపలి తుప్పు పట్టు సడలుతుంది. హెడ్డు అల్యూమినియం అయితే ఇంకా మంచిది, ఇనుప వెల్డింగు దానికి అతుక్కోదు. ఎర్రదనం తగ్గాక పానా పెట్టి మెల్లగా ఊపితే చాలాసార్లు వస్తుంది. రానప్పుడు ఇంకోసారి వెల్డింగు. మూడు నాలుగుసార్లు పోసిన రోజులున్నాయి.

వేడి సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. కాల్చాల్సింది నట్టుని, బోల్టుని కాదు. నట్టు వేడెక్కితే దాని బొక్క పెరుగుతుంది. 16 మిల్లీమీటర్ల బొక్క 300 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది మిల్లీమీటరుని వంద ముక్కలు చేస్తే ఆరు ముక్కలంత. కంటికి ఆనదు. కానీ తుప్పు పట్టుకున్న సందు కూడా అంతే కదా. కాల్చి, మంట తీసి, కొవ్వొత్తి మొనని మర దగ్గర తాకించేవారు మా మేస్త్రీగారు. మైనం కరిగి సుయ్ మని లోపలికి పీల్చుకుపోతుంది. చల్లారుతుంటే ఆ పీల్చుడు ఇంకా ఎక్కువ. కొవ్వొత్తి పెట్టెలో లేకుండా నేను ఇప్పటికీ పనికి కూర్చోను. ఎర్రగా కాల్చిన 10.9 బోల్టు మాత్రం మళ్లీ బండికి ఎక్కకూడదు. దానికి ఫ్యాక్టరీలో ఇచ్చిన పదును ఆ మంటలో పోతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, అదే ప్రమాదం.

మంట చేతిలో ఉన్నప్పుడు నేను మాట్లాడను, మాట్లాడనివ్వను. డీజిలు ట్యాంకు ఎక్కడ, నైలాను గాలి గొట్టాలు ఎక్కడ, వైర్లు ఎక్కడ, గ్రీసు ఎక్కడ, అన్నీ చూసుకుని, ఇసక బక్కెట్టు పక్కన పెట్టుకుని గానీ గ్యాసు వెలిగించను. టైరు ఉన్న చక్రం రిమ్ముని ఎట్టి పరిస్థితిలోనూ కాల్చకూడదు. గాలి తీసేశాం కదా అనుకుంటారు. వేడికి లోపలి రబ్బరే ఉడికి మండే వాయువులు పుట్టించి టైరుని బాంబులా పేలుస్తుంది. పద్దెనిమిదేళ్లప్పుడు నేను ఆ పని చెయ్యబోతే మేస్త్రీగారు నా చేతిలోని గ్యాసు గొట్టం గుంజుకున్నారు. ఆయన నా మీద చెయ్యి చేసుకున్నది ఆ ఒక్కరోజే. గాలి బ్రేకు బళ్లలో వెనక చాంబరు కూడా అలాంటిదే. అందులో బిగించి పెట్టిన స్ప్రింగు మనిషిని చంపగలదు. దాని క్లాంపు బోల్టు ఎంత తుప్పు పట్టి ఉన్నా దాని జోలికి వెళ్లొద్దని మా కుర్రాడి చేత ఒట్టు వేయించుకున్నాను.

1996 నవంబరు 6 తుపాను నాటికి నేను కాకినాడలో పనిచేస్తున్నాను. కోనసీమ కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. తర్వాత కొన్ని వారాలకి అక్కణ్ణించి ఒక జీపు వచ్చింది. సముద్రపు నీళ్లలో మునిగి తేలిన బండి. యజమాని పైపైన కడిగించి, ఆరబెట్టి, బాగానే ఉందనుకున్నాడు. లోపలి ఉప్పు తన పని తాను చేసింది. దాన్లో తేలిగ్గా విడిచిన నట్టు ఒక్కటీ లేదు. బ్రేకు గొట్టం కీళ్లు నట్టుతో పాటే మెలిపడి తెగాయి. ఆ బండి మీద పదకొండు రోజులు పనిచేశాను. తుప్పుకి మొదటి మందు మంచినీళ్లని ఆ జీపు దగ్గర నేర్చుకున్నాను. ఉప్పునీరు తగిలిన రోజే అడుగునుంచి, కమాన్ల సందుల్లోంచి, డ్రమ్ముల వెనకనుంచి మంచినీళ్లు కొట్టి కడిగితే సగం నట్లు బతుకుతాయి. చేపల డ్రైవర్లకి ఇదే చెబుతాను. బాబూ, లోడు దించాక బాడీ లోపల కడుగుతున్నారు, అదే గొట్టం ఐదు నిమిషాలు కిందకి కూడా తిప్పండి అని. కొంతమంది వింటారు. విన్నవాళ్ల బండి కింద పడుకోగానే తెలుస్తుంది.

అన్ని నట్లనీ బతికించాలని నేను అనను. వెనక ఇరుసుని కమాను కట్టకి పట్టి ఉంచే యూ బోల్టులు పక్కకి రెండు, ఇరుసుకి మొత్తం ఎనిమిది నట్లు. చేపల లారీలో అవి గుర్తుపట్టలేనంత తుప్పు ముద్దలై ఉంటాయి. వాటిని విప్పడానికి పూట పాడుచేసుకోను, గ్యాసుతో కోసేస్తాను. ఎందుకంటే యూ బోల్టు ఒకసారి సాగి బిగిసిందంటే రెండోసారి అదే పట్టు ఇవ్వదు, ఎలాగూ కొత్తవి వెయ్యాల్సిందే. పాతవే రుద్ది మళ్లీ వెయ్యమని అడిగేవాళ్లున్నారు. వెయ్యను. యూ బోల్టు వదులైతే నడిమి బోల్టు తెగుతుంది, ఇరుసు పక్కకి జరుగుతుంది, లారీ రోడ్డు మీద ఎండ్రకాయలా అడ్డంగా నడుస్తుంది. కొత్తవి వేశాక కూడా కొన్ని వందల కిలోమీటర్లు తిరిగొచ్చి ఒకసారి మళ్లీ బిగించుకోవాలి. ఈ మాట బిల్లు మీద రాసి ఇస్తాను.

చెరువుల మీద తిరిగే ఏరేటర్ల గేరుబాక్సులు కూడా అప్పుడప్పుడు వస్తాయి. వాటికి స్టీలు నట్లు, తుప్పు పట్టవు. అయినా పట్టేస్తాయి! స్టీలు మీద స్టీలు గట్టిగా రాసుకుంటే మరలు ఒకదాన్నొకటి చీరుకుని వెల్డింగు చేసినట్టు అతుక్కుపోతాయి. గన్నుతో వేగంగా బిగిస్తే ఇంకా తొందరగా. నూనె రాసి చేత్తో నిదానంగా బిగిస్తే ఆ గొడవ లేదు.

బిగించేటప్పుడు నాకెప్పుడూ కనిపించేది ఆ నట్టుని మళ్లీ విప్పబోయే మనిషి. అది నేనే కావచ్చు, సిలిగురి దగ్గర రోడ్డు పక్కన వానలో కూర్చున్న ఎవరో కావచ్చు. మర శుభ్రంగా తుడిచి కాస్త గ్రీసు రాస్తాను. సైలెన్సరు దగ్గర మామూలు గ్రీసు మాడిపోతుంది, అక్కడ రాగిపొడి కలిసిన పేస్టు రాస్తాను. చక్రం నట్టు రిమ్ముకి ఆనుకుని కూర్చునే వాలు మీద మాత్రం జిడ్డు తగలనివ్వను, అక్కడ పొడి పట్టు కావాలి. దీనికి ఎవరూ డబ్బులివ్వరు. బిల్లులో దానికి గడి లేదు. దసరాకి పానాలు కడిగి, పసుపూ కుంకుమా పెట్టి వరసగా పేర్చినప్పుడు మేస్త్రీగారు గ్రీసు డబ్బా కూడా పక్కన పెట్టి బొట్టు పెట్టేవారు. నేనూ పెడతాను.

మొన్న ఒక లారీ వచ్చింది, మానిఫోల్డు గాస్కెట్టు పని. సాయంత్రం నాలుగింటికి లోడింగు ఉందని డ్రైవరు తొందరపెట్టాడు. మా కుర్రాడు ఒక్కొక్క నట్టూ విప్పుకుంటూ వచ్చాడు. చివరి దాని దగ్గర ఆగి, పానా మీద చెయ్యి అలాగే ఉంచి నావైపు చూశాడు.

"బాబాయ్, మెత్తగా వస్తోంది."

వాడు నాకు చెప్పకుండా ఇంకో పావు తిప్పు తిప్పి ఉండొచ్చు. తిప్పలేదు. వెనక్కి తిప్పించాను. వేడిగా కాల్చి, కొవ్వొత్తి తాకించి, చల్లారాక నూనె పోసి, సుత్తితో తట్టి వదిలేశాం. యజమాని ఫోను చేశారు, కోపంగా. లోడు వేరే బండికి మార్చుకున్నారు. డ్రైవరు ఆ రాత్రి క్యాబిన్లోనే పడుకున్నాడు.

తెల్లారి నేను వచ్చేసరికి కుర్రాడు అప్పటికే రెండోసారి నూనె పోసి ఉన్నాడు. పానా అడుగుదాకా దించి, కుడివైపుకి చిన్నగా ఒత్తాడు. నేను షెడ్డు గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాను, అక్కడికి వినిపించింది. తర్వాత పది నిమిషాలు ముందుకీ వెనక్కీ ఊపుతూ బయటికి తెచ్చాడు. నట్టుతో పాటు స్టడ్డు కూడా వచ్చింది, తెగకుండా, పొడుగునా నిండుగా. గుడ్డతో తుడిస్తే హెడ్డు లోపల ఉన్న మేర మర ఇంకా కొత్త ఇనుము రంగులో మెరుస్తోంది. డ్రైవరు కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ "అయిందా అండీ?" అని అడిగాడు. కుర్రాడు స్టడ్డుని ట్రేలో పెట్టి, తీగ బ్రష్షు అందుకుని, బొక్కలో మర రుద్దడం మొదలుపెట్టాడు.